కోల్‌కతాలో వక్తృత్వ కళ, ప్రసంగ శిక్షణ

నలుగురి ముందు నిలబడి ఒక విషయాన్ని వినేవారికి తెలిసేలా, నచ్చేలా చెప్పగల నేర్పును వక్తృత్వం అంటారు. ఉపన్యాసం, వాద ప్రతివాదం, సభాధ్యక్షత, కవితాపఠనం, స్లైడ్లతో చేసే ఆఫీసు ప్రెజెంటేషన్ అన్నీ దీని కిందికే వస్తాయి. భారతదేశంలో ఆధునిక బహిరంగోపన్యాసం తొలుత బలంగా వేళ్లూనిన నగరాల్లో కలకత్తా (2001 నుంచి అధికారికంగా కోల్‌కతా) ముఖ్యమైనది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి సమాజాలు, కళాశాలలు, ధార్మిక వేదికలు వక్తలను తయారుచేశాయి. ఆ ప్రభావం 1907 నాటికి గోదావరి, కృష్ణా తీరాల దాకా వచ్చింది. పుట్టుకతో వచ్చిన వాగ్ధాటి కంటే, తరచూ కలిసే సభ, ఎదురు ప్రశ్నించే శ్రోత ఎక్కువ పని చేశాయని ఈ నగర చరిత్ర చూపిస్తుంది.

పూర్వరంగం

ఇంగ్లీషు చదువు రాకముందే బెంగాల్‌లో మాటకు వేదికలు ఉన్నాయి. నవద్వీపం నవ్యన్యాయ శాస్త్రానికి పెద్ద కేంద్రం. ఆ శాస్త్రంలో పేరుపొందిన రఘునాథ శిరోమణి అక్కడివాడు. టోల్ అనే సంస్కృత పాఠశాలల్లో విద్యార్థి తన పక్షాన్ని నిలబెట్టడంతోపాటు ఎదుటి పక్షాన్ని ముందుగా తన నోటితో సరిగ్గా చెప్పగలగాలి. సత్యం తేల్చడానికి చేసే వాదం, గెలుపు కోసం చేసే జల్పం, తన పక్షమంటూ లేకుండా ఎదుటివాణ్ని ఖండించే వితండం అని న్యాయశాస్త్రం చేసిన విభజన నేటి డిబేట్ శిక్షకులకూ పనికొస్తుంది.

జనసామాన్యంలో కథకత, కవిగాన్ ఉండేవి. కథకుడు పురాణగాథను మాటగా, పాటగా, హాస్యంగా చెప్పేవాడు. మన హరికథకు దగ్గరి చుట్టం. కవిగాన్‌లో రెండు జట్లు ఒకే పందిట్లో నిలబడి ప్రశ్న, జవాబు అప్పటికప్పుడు పాట కట్టి విసురుకునేవి. మిఠాయి వ్యాపారి భోలా మయరా, పోర్చుగీసు సంతతికి చెందిన ఆంటోనీ ఫిరింగీ ఈ పోటీల్లో పేరు మోశారు. ఆశువుగా జవాబు చెప్పడం, జనం నవ్వును తన వైపు తిప్పుకోవడం అనే రెండు విద్యలు పత్రికలూ టౌన్‌హాళ్లూ రాకముందే కలకత్తా వీధుల్లో ఉన్నాయి.

(చూడండి: అవధానం, హరికథ, న్యాయదర్శనం)

డెరోజియో నుంచి టౌన్‌హాల్ దాకా

హెన్రీ లూయీ వివియన్ డెరోజియో 1826లో హిందూ కళాశాలలో ఉపాధ్యాయుడిగా చేరేనాటికి వయసు పదిహేడు. ఆయన చుట్టూ చేరిన విద్యార్థులతో 1828లో అకడమిక్ అసోసియేషన్ మొదలైంది. మానిక్‌తలాలోని ఒక తోట బంగళాలో సమావేశమై స్వేచ్ఛాసంకల్పం, విధి, దేశభక్తి, విగ్రహారాధన, దైవం ఉనికి వంటి విషయాల మీద రెండు పక్షాలుగా వాదించుకునేవారు. విద్యాభిమాని డేవిడ్ హేర్ తరచూ వచ్చి కూర్చునేవాడు. 1831 ఏప్రిల్‌లో యాజమాన్యం డెరోజియోను ఉద్యోగం నుంచి తప్పించింది. అదే ఏడాది డిసెంబరు 26న ఆయన చనిపోయాడు. అప్పటికే ఆయన శిష్యులు, అంటే యంగ్ బెంగాల్ బృందం, మాట్లాడటం ఒక అలవాటుగా చేసుకున్నారు.

ఆ అలవాటు ఎంత దూరం వెళ్లిందో 1843 ఫిబ్రవరి 8 నాటి సంఘటనలో కనిపిస్తుంది. యంగ్ బెంగాల్ యువకులు 1838లో స్థాపించుకున్న సామాన్య జ్ఞానార్జన సభ ఆ రోజు హిందూ కళాశాల హాలులో సమావేశమైంది. దక్షిణారంజన్ ముఖర్జీ కంపెనీ న్యాయస్థానాలనూ పోలీసులనూ విమర్శిస్తూ వ్యాసం చదువుతున్నాడు. మధ్యలో ప్రిన్సిపాల్ కెప్టెన్ రిచర్డ్‌సన్ లేచి, ఈ హాలును రాజద్రోహులకు స్థావరం కానివ్వనని అడ్డు తగిలాడు. అధ్యక్ష స్థానంలో ఉన్న తారాచంద్ చక్రవర్తి రిచర్డ్‌సన్ అభ్యంతరాన్ని తోసిపుచ్చి, అది సభకు అవమానమని మందలించాడు. వక్త ధైర్యం కంటే ఇక్కడ గమనించాల్సింది అధ్యక్షుడి పని. సభను కాపాడటం కూడా వక్తృత్వంలో భాగమే, శిక్షణ పుస్తకాలు దీని మీద ఎక్కువ పేజీలు కేటాయించవు.

అదే కాలంలో ద్వారకానాథ్ ఠాకూర్ ఇంగ్లండు నుంచి తిరిగివస్తూ జార్జి థామ్సన్‌ను వెంటబెట్టుకొచ్చాడు. బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలో ఆరితేరిన ఉపన్యాసకుడాయన. 1843లో కలకత్తా యువకుల మధ్య వరుసగా ప్రసంగించి, ఒక ఫిర్యాదును రాజకీయ వాదనగా ఎలా మలచాలో చూపించాడు. ఏప్రిల్ 20న బెంగాల్ బ్రిటిష్ ఇండియా సొసైటీ ఏర్పడింది.

ఈ బడిలో తయారైనవారిలో రాంగోపాల్ ఘోష్ ముఖ్యుడు. వ్యాపారి. 1847లో లార్డ్ హార్డింజ్ స్మారకం గురించి టౌన్‌హాల్లో జరిగిన సభలో ఇంగ్లీషు బారిస్టర్లతో తలపడి తన ప్రతిపాదన నెగ్గించుకున్నాడు. అప్పటి నుంచి ఇంగ్లీషు పత్రికలు ఆయన్ను భారత డెమోస్తనీసు అనడం మొదలుపెట్టాయి. 1853లో కంపెనీ చార్టరు మీద అదే హాల్లో మాట్లాడాడు. 1864లో నీమ్‌తలా శ్మశానఘాట్‌ను తరలించే ప్రయత్నాన్ని వాదించి ఆపించాడు. చార్టరు గురించి మాట్లాడిన నోటితోనే కాటికి కట్టెలు మోసుకెళ్లే పేదవాడి ఇబ్బంది గురించీ మాట్లాడగలగడం ఆయన ప్రత్యేకత.

లాటరీ ద్వారా సేకరించిన డబ్బుతో 1813లో పూర్తయిన టౌన్‌హాల్ వందేళ్లకు పైగా నగరంలో ప్రధాన వేదిక. దానికి తోడు కాలేజ్ స్ట్రీట్‌లో ఆల్బర్ట్ హాల్ వచ్చింది. 1876 జూలై 26న ఇండియన్ అసోసియేషన్ అనే రాజకీయ సంఘం పుట్టింది అక్కడే. ఆ రోజు ఉదయం కొడుకును పోగొట్టుకున్న సురేంద్రనాథ్ బెనర్జీ సాయంత్రం సభకు హాజరై మాట్లాడాడు. ఇప్పుడా భవనంలో ఉన్నది ఇండియన్ కాఫీ హౌస్. అక్కడ వాదించేవారికి టైంకీపరు ఉండడు.

వేదిక మీది నాలుగు పద్ధతులు

ప్రసంగ శాస్త్రం తయారీని బట్టి ఉపన్యాసాలను నాలుగు రకాలు చేస్తుంది: రాసుకొచ్చి చదివేది, రాసి కంఠస్థం చేసేది, ముఖ్యాంశాలు మాత్రం మనసులో పెట్టుకుని చెప్పేది, అప్పటికప్పుడు చెప్పేది. కలకత్తా వక్తలు ఈ పద్ధతులన్నిటికీ ఉదాహరణలు ఇచ్చారు.

చదివి ఒప్పించినవాడు రవీంద్రనాథ్. 1904 జూలై 22న మినర్వా థియేటర్లో ఆయన 'స్వదేశీ సమాజ్' వ్యాసం చదివినప్పుడు జనం పట్టలేదు. అదే నెల 31న కర్జన్ థియేటర్లో మళ్లీ చదవాల్సి వచ్చింది. కాగితం చూసి చదివితే సభ నిద్రపోతుందనే నేటి అభిప్రాయానికి ఇది గట్టి జవాబు. చెవి కోసం రాసిన వాక్యం చదివినా నిలబడుతుంది.

రాసి, మనసులో నిలుపుకుని మాట్లాడినవాడు సురేంద్రనాథ్. ఐసీఎస్ ఉద్యోగం పోయాక విద్యాసాగరుడి మెట్రోపాలిటన్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ, 1875 నుంచి విద్యార్థి సంఘం వేదిక మీద మాజినీ గురించి, సిక్కుల అభ్యుదయం గురించి, చైతన్యుడి గురించి ప్రసంగించాడు. సివిల్ సర్వీసు పరీక్షకు గరిష్ఠ వయసు 21 నుంచి 19కి తగ్గించినప్పుడు ఉత్తర, దక్షిణ భారతాల్లో తిరిగి సభలు పెట్టాడు. ఒకే విషయాన్ని ఊరూరా చెప్పాల్సి రావడం కంటే మంచి రిహార్సల్ లేదు.

ముందుగా రాయకుండా చెప్పినవాడు బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్. 1866 మే 5న మెడికల్ కాలేజీ థియేటర్లో ఏసుక్రీస్తు మీద ఆయన చేసిన ప్రసంగం ఆశువుగా చెప్పినదే. తర్వాత అచ్చయింది దాని సారాంశం మాత్రమే. ఏటా మాఘోత్సవానికి ఆయన ఇచ్చిన టౌన్‌హాల్ ఉపన్యాసం నగరానికి ఒక పండగలా ఉండేది. ఆంధ్రదేశంలో రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రసంగశైలి మీద బ్రహ్మసమాజ ఉపన్యాస సంప్రదాయం ముద్ర స్పష్టం.

సర్వేపల్లి రాధాకృష్ణన్‌ది మూడో పద్ధతి. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఐదో జార్జి పేరిట ఉన్న తత్త్వశాస్త్ర పీఠానికి వచ్చి, పదేళ్లకు ఆంధ్ర విశ్వవిద్యాలయ వైస్‌చాన్సలరయ్యాడు. చేతిలో కాగితం లేకుండా, పూర్తి వాక్యాల్లో, సమయానికి ముగించేవాడు. 1947 ఆగస్టు 14 రాత్రి రాజ్యాంగ సభలో సరిగ్గా పన్నెండు గంటలకు ప్రతిజ్ఞ మొదలయ్యేలా తన ప్రసంగాన్ని ముగించే బాధ్యత ఆయనకే అప్పగించారు.

వివేకానందుడి విషయంలో మరో సంగతి చేరుతుంది. చికాగో వెళ్లే ముందు 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కళాశాలలో ఆయన ప్రసంగించాడు. పెద్ద సభలో మాట్లాడటానికి అది ఆయనకు తొలి అనుభవాల్లో ఒకటి. 1897లో కలకత్తాలో శోభాబజార్ రాజభవనంలో, స్టార్ థియేటర్లో చేసిన ఉపన్యాసాలు మనకు దక్కడానికి కారణం జె.జె. గుడ్‌విన్ షార్ట్‌హ్యాండు. కేశవచంద్రుడి ప్రసంగాలు సారాంశాలుగా మిగిలితే వివేకానందుడివి చాలావరకు మాటకు మాటగా మిగిలాయి.

తెలుగు జిల్లాల్లో బిపిన్ చంద్రపాల్

1907 ఏప్రిల్‌లో కలకత్తా స్వదేశీ వక్త బిపిన్ చంద్రపాల్ విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, మచిలీపట్నాల్లో ఉపన్యాసాలిస్తూ మద్రాసు చేరాడు. పర్యటనలో పాత్రికేయుడు ముట్నూరి కృష్ణారావు వెంట ఉన్నాడు. రాజమండ్రిలో పాల్ ఇంగ్లీషు ప్రసంగాలను తెలుగులో చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. చూపు సరిగా లేని ఆయన ఏదీ రాసుకునే అవకాశం లేకుండా, విన్నది విన్నట్టు మనసులో పట్టి జనానికి అందించాడు. అప్పటికప్పుడు ఒక పద్యం కూడా చెప్పాడు. పాల్ మాటలను మరిచినవారు కూడా ఆ పద్యాన్ని మరవలేదు.

అనువాదకుడు వక్తకు సమానమైన వక్త కావాలని ఈ ఉదంతం చెబుతుంది. వక్త కూడా అనువాదానికి వీలుగా మాట్లాడాలి: భావం పూర్తయ్యేచోట ఆగాలి, వాక్యం మధ్యలో కాదు. సభల ప్రభావం వెంటనే కనిపించింది. రాజమండ్రి ట్రెయినింగ్ కళాశాలలో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు పోగొట్టుకున్నాడు.

(చూడండి: వందేమాతరం ఉద్యమం, చిలకమర్తి లక్ష్మీనరసింహం)

ఆవృత్తి

నేటి కోల్‌కతాలో మాట్లాడే నేర్పుకు తొలి మెట్టు చాలామందికి ఉపన్యాసం కాదు, ఆవృత్తి. అంటే కవితను కంఠస్థం చేసి సభలో చెప్పడం. పేటల్లో పిల్లలకు నేర్పే ఆవృత్తి తరగతులు, బడుల్లో, పూజా పందిళ్లలో, రవీంద్ర జయంతి సభల్లో పోటీలు సర్వసాధారణం. కవి నజ్రుల్ కుమారుడు కాజీ సవ్యసాచి, నాటక దిగ్గజం శంభు మిత్ర, ప్రదీప్ ఘోష్, పార్థ ఘోష్, గౌరీ ఘోష్ దంపతులు, బ్రతతి బంద్యోపాధ్యాయ్ దీన్ని టిక్కెట్టు కొని వినే కళగా నిలబెట్టారు.

తెలుగు రంగస్థల పద్యానికీ దీనికీ పోలిక కొంతే. మన నటుడు రాగం తీస్తాడు, ఒన్స్‌మోర్ కోసం ఆగుతాడు. ఆవృత్తిలో రాగం ఉండదు. అర్థం ఎక్కడ విరిగితే గొంతు అక్కడ విరగాలి. గురువు పిల్లవాడి చేత మొదట కవితను మామూలు మాటలా చదివిస్తాడు. ఆపైన ఊపిరి తీసుకోవాల్సిన చోట్ల కాగితం మీద గీతలు పెట్టిస్తాడు. చిన్న విరామానికి ఒక గీత, పెద్దదానికి రెండు. ఒక పంక్తిలో బలం పడాల్సిన మాట ఒకటే అయితే దాని కింద గీత. ఈ సాధన చేసిన విద్యార్థి పదేళ్ల తర్వాత కంపెనీ సమావేశంలో మాట్లాడినా, అంకె చెప్పే ముందు ఒక క్షణం ఆగడం అతనికి అలవాటుగా వస్తుంది.

వాద ప్రతివాదం

ప్రెసిడెన్సీ, సెయింట్ జేవియర్స్, జాదవ్‌పూర్ వంటి విద్యాసంస్థల్లో డిబేట్ సంప్రదాయం బలమైనది. క్లబ్బుల్లో జరిగే సంప్రదాయ డిబేట్లకు రాజకీయులు, లాయర్లు, నటులు వస్తారు. అక్కడ చమత్కారానికి ఎక్కువ మార్కులు. విద్యార్థుల పార్లమెంటరీ పద్ధతి వేరు. బ్రిటిష్ పార్లమెంటరీ ఫార్మాట్‌లో ఇద్దరేసి సభ్యులున్న నాలుగు జట్లు, ఒక్కొక్కరికి 7 నిమిషాలు. అంశం తెలిశాక సిద్ధం కావడానికి ఇచ్చేది 15 నిమిషాలే. ఏ పక్షమో కూడా చీటీ తేలుస్తుంది. తనకు నమ్మకం లేని పక్షం వాదించాల్సి వస్తుందన్న విమర్శ ఉంది. టోల్ విద్యార్థి పూర్వపక్షం చెప్పడంలోనూ ఇదే ఉంది కాబట్టి బెంగాల్‌లో ఇది కొత్త అభ్యంతరం కాదు.

టోస్ట్‌మాస్టర్స్ తరహా శిక్షణ

1924లో కాలిఫోర్నియాలోని సాంటా అనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు కోల్‌కతాలోనూ, హైదరాబాద్‌లోనూ నడుస్తున్నాయి. ఇక్కడ ఉపాధ్యాయుడంటూ ఉండడు. సభ్యులే ఒకరినొకరు దిద్దుకుంటారు. సిద్ధం చేసుకున్న ప్రసంగానికి సాధారణంగా 5 నుంచి 7 నిమిషాలు. టైమరు 5 నిమిషాలకు ఆకుపచ్చ, 6కు పసుపు, 7కు ఎరుపు కార్డు చూపిస్తాడు. మరొకరు ఎన్నిసార్లు 'అ...', 'అంటే', 'సో' అన్నారో లెక్కపెట్టి చివర్లో చదువుతారు. టేబుల్ టాపిక్స్ భాగంలో పేరు పిలిచాకే ప్రశ్న తెలుస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో జవాబు చెప్పాలి. మూల్యాంకనం చేసేవాడు కూడా నిలబడి 2-3 నిమిషాలు ప్రసంగించాల్సిందే. తప్పు చెప్పడం కూడా ఒక ప్రసంగమే అన్న ఈ ఏర్పాటులోనే ఈ పద్ధతి బలమంతా ఉంది.

భయం, గొంతు

సభలో నోరు తెరవబోయేసరికి గుండె వేగం పెరగడం, నోరు ఎండిపోవడం, చేతులు వణకడం ఎడ్రినలిన్ పని. అలవాటైన వక్తలకూ ఇది పూర్తిగా పోదు. తన కంగారు అందరికీ కనిపిస్తోందని వక్త అనుకుంటాడు గానీ నిజానికి అంత కనిపించదు. కెన్నెత్ సావిట్‌స్కీ, థామస్ గిలొవిచ్ 2003లో ప్రచురించిన పరిశోధనలో, ఈ సంగతి ముందే చెప్పిన విద్యార్థులు మెరుగ్గా ప్రసంగించారు. 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అధ్యయనం మరో చిట్కా ఇచ్చింది: 'నేను శాంతంగా ఉన్నాను' అని సర్దిచెప్పుకోవడం కంటే 'నాకు ఉత్సాహంగా ఉంది' అనుకున్నవారి ప్రసంగాలు బాగున్నాయి. ఏది చేసినా, చిన్న సభల్లో మళ్లీమళ్లీ మాట్లాడటానికి ప్రత్యామ్నాయం లేదు.

గొంతు విషయంలో శిక్షకులు చెప్పేవి కొన్నే: పొట్ట నిండా ఊపిరి, తడి ఆరని గొంతు, చివరి వరుసకు వినిపించేలా వాక్యం చివర కూడా బలం. మైకు రాకముందు టౌన్‌హాల్లో ఇది తప్పనిసరి. మైకు వచ్చాక వాక్యాంతాలు మింగేయడం పెరిగింది. అయితే నియమాలన్నిటికీ మినహాయింపులు ఉంటాయి. బెంగాల్ ముఖ్యమంత్రిగా పనిచేసిన జ్యోతి బసు వాక్యాలు సగంలో ఆగిపోయేవని పేరు. అయినా బ్రిగేడ్ మైదానం నిండేది.

చూపిస్తూ చెప్పడం

ప్రెజెంటేషన్ అంటే నేడు స్లైడ్లు గుర్తొస్తాయి. కలకత్తాలో దానికి ముందు రూపం సైన్సు ప్రదర్శనోపన్యాసం. సెయింట్ జేవియర్స్ కళాశాల ఫాదర్ యూజీన్ లాఫాఁ యంత్రాలు, లాంతరు బొమ్మలు చూపిస్తూ జనానికి భౌతికశాస్త్రం చెప్పేవాడు. మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో ఈ ఉపన్యాసాలు క్రమంగా జరిగాయి. లాఫాఁ శిష్యుడు జగదీశ్ చంద్ర బోస్ టౌన్‌హాల్లో కంటికి కనిపించని తరంగాలను గోడ దాటించి గంట మోగించాడు, తుపాకీ మందు పేల్చాడు. 1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో అదే పద్ధతిలో ప్రసంగించాడు. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ 1907లో కలకత్తా వచ్చి, బౌబజార్‌లోని ఆ సైన్స్ అసోసియేషన్‌లోనే పరిశోధనతోపాటు ప్రజోపన్యాసాలూ ఇచ్చాడు.

1987లో పవర్‌పాయింట్ వచ్చాక చూపడం తేలికైంది, చెప్పడం పలచబడింది. రిచర్డ్ మేయర్ బహుళ మాధ్యమ అభ్యసన పరిశోధనలు చెప్పేదేమంటే, బొమ్మతోపాటు మాట వింటున్నవారికి అదే మాట తెర మీద అక్షరాల్లో కూడా కనిపిస్తే నేర్చుకోవడం తగ్గుతుంది. స్లైడును చదివి వినిపించడం ఎందుకు విసుగు పుట్టిస్తుందో దీనితో తెలుస్తుంది. బోస్ గంట మోగేటప్పుడు తెర మీద 'గంట మోగును' అని రాసి ఉండదు.

భాష, లింగం, విమర్శ

తొలి తరం వక్తలు ఎక్కువగా ఇంగ్లీషులోనే మాట్లాడారు. 1897లో నాటోర్‌లో జరిగిన బెంగాల్ ప్రాంతీయ మహాసభలో రవీంద్రనాథ్ బృందం బెంగాలీలో మాట్లాడాలని పట్టుబట్టింది. విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో బెంగాలీ వినిపించడానికి 1937 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ప్రసంగమూ ఆయనదే. వేదిక మీదికి మహిళలు కూడా ఆలస్యంగానే వచ్చారు. 1890 కలకత్తా కాంగ్రెసులో కాదంబినీ గంగూలీ వందన సమర్పణ చేసింది. 1906లో అదే నగరంలో హైదరాబాద్ నుంచి వచ్చిన సరోజినీ నాయుడు మహిళల చదువు గురించి చేసిన ప్రసంగం ఆమెకు జాతీయ ఖ్యాతి తెచ్చింది.

మాట ఎక్కువ, చేత తక్కువ అన్న విమర్శ ఈ సంప్రదాయం వెన్నంటే ఉంది. 'లోకరహస్య'లోని 'బాబు' వ్యాసంలో బంకించంద్రుడు ఉపన్యాస కండూతిని ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి పరాయివారిది కాకపోవడం గమనార్హం.

మైదానం, మైకు నిబంధనలు

బ్రిగేడ్ పరేడ్ గ్రౌండ్ సభ బెంగాల్ రాజకీయాల్లో బలప్రదర్శన. 1955లో క్రుశ్చేవ్, బుల్గానిన్‌లకు ఇక్కడే స్వాగతం చెప్పారు. 1972 ఫిబ్రవరి 6న ఇందిరాగాంధీ, షేక్ ముజిబుర్ రెహమాన్ ఒకే వేదిక మీద మాట్లాడారు. షహీద్ మినార్ దగ్గరి మైదానం, వీధి మలుపుల్లో జరిగే పథసభ చిన్న నాయకులకు శిక్షణ స్థలాలు. పథసభలో శ్రోత కూర్చోడు, నడిచిపోతూ ఉంటాడు. అతన్ని ఆపేది మొదటి వాక్యమే.

1996లో కలకత్తా హైకోర్టు లౌడ్‌స్పీకర్ల మీద కఠినమైన ఆదేశాలిచ్చింది. వినడం ఇష్టం లేనివారి చేత బలవంతంగా వినిపించే హక్కు ఎవరికీ లేదన్నది దాని సారాంశం. ఆపైన ధ్వని పరిమితి పరికరాలు తప్పనిసరయ్యాయి. మాధ్యమిక్, ఉచ్చ మాధ్యమిక్ పరీక్షల రోజుల్లో ఆరుబయట మైకు నిషేధం. పార్టీలు, క్లబ్బులు తమ సభల తేదీలను ఆ పరీక్షల టైంటేబుల్ చూసుకుని ఖరారు చేసుకుంటాయి.